లోపలి మనిషి, బయటి మనిషి



వార్షికోత్సవ సంచికకు రాయమంటే చాలామంది క్రమశిక్షణ గురించో, సమయపాలన గురించో రాస్తారు. మేము ఒక నవల గురించి రాస్తున్నాము. పేరు 'లోపలి మనిషి'. రాసింది మన ప్రాంతపు మనిషే, మాజీ ప్రధాని పి.వి. నరసింహారావు. 1998లో 'ది ఇన్‌సైడర్' పేరుతో ఇంగ్లీషులో వచ్చింది. కల్లూరి భాస్కరం తెలుగు చేశారు.

పి.వి. అప్పటి కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగారు. 1957 నుంచి 1977 దాకా మంథని ఎమ్మెల్యే. 1971 సెప్టెంబరు నుంచి 1973 జనవరి దాకా ముఖ్యమంత్రి. నవలలో మాత్రం ఈ పేర్లేవీ కనపడవు. రాష్ట్రం పేరు అఫ్రోజాబాద్, కథానాయకుడి పేరు ఆనంద్. మహేంద్రనాథ్, చౌదరి అనే ఇద్దరు నాయకులకు ఒకరి కాళ్ల కింది మట్టిని ఇంకొకరు తవ్వడమే పని. వేదిక మీద పేదల జపం, తలుపు మూసినాక కులం, భూమి, కుర్చీ లెక్కలు. ఈ రెండు ముఖాలను పక్కపక్కన పెట్టి చూపిస్తుంటే నవ్వొస్తుంది. కానీ ఆ లెక్కల్లో పోయింది మన తాతల భూమి అని గుర్తుకొస్తే నవ్వు ఆగిపోతుంది.

ఆనంద్ ముఖ్యమంత్రి అయి భూసంస్కరణలకు పూనుకుంటే సొంత పార్టీ భూస్వాములే అడ్డం పడతారు. నిజంగా జరిగింది కూడా దీనికి దూరం కాదు. 1972లో భూముల బదిలీని ఆపడానికి పి.వి. ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. అదే ఏడు ముల్కీ తీర్పు తర్వాత జై ఆంధ్ర ఉద్యమం లేచింది, ఆయన పదవి పోయింది. 1973లో సీలింగు చట్టం వచ్చింది గానీ, అప్పటికే మిగులు భూమి బినామీ పేర్లలోకి జారుకుంది. కాగితం మీద దొర చిన్న రైతు. ఊర్లో మాత్రం దొర దొరే.

ఈ నవలను మనవాళ్లు తప్పక చదవాలని మా అభిప్రాయం. అధికారం లోపలి నుంచి చూసిన మనిషి చెబితే తప్ప ఇవన్నీ మనకు తెలియవు. అయితే ఒక మాట కూడా చెప్పాలి. ఇందులో భూమి కనపడేది సెక్రటేరియట్ కిటికీలోంచి. పాలేరు, జీతగాడు అక్కడ ఫైలులో అంకెలే. అదే భూమిని కింది నుంచి చూడాలంటే మంథని ప్రాంతానికే చెందిన అల్లం రాజయ్య కథలు, నవలలు చదవాలి. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రకు నడిచిన కూలీల గొంతు అక్కడ వినపడుతుంది. సాహుతో కలిసి ఆయన రాసిన 'కొమురం భీం'లో ఆదిలాబాద్ గోండుల గొంతు వినపడుతుంది. రెండు వైపులా చదివితేనే లెక్క సరిపోతుంది.

ఇక మన సంగతి. "నాయకులేనా, అందరికీ రెండు ముఖాలే కదా" అని కొందరంటారు. నిజమే, మనవాళ్లు కూడా దాస్తారు. పీజీలో చేరినాక ఎవరైనా "ఎక్కడ చదివినవ్?" అంటే హాస్టల్ పేరు మింగేసి ఊరి పేరు చెబుతారు. ఇంటి పేరు అడిగితే మాట మారుస్తారు. నాయిన ఏం చేస్తడంటే "వ్యవసాయం" అంటారు, గుంట భూమి లేకున్నా. కానీ ఈ రెంటినీ ఒకే గాట కట్టడం అన్యాయం. నాయకుడు దాచేది తాను తీసుకున్నదాన్ని. మన పిల్లలు దాచేది తమకు దక్కనిదాన్ని. అతనికి దాస్తే లాభం. వీళ్లకు చెబితే నష్టం, కులం తెలిసినాక మాట ఎట్లా మారుతుందో వీళ్లకు అనుభవమే.

మూడో ముఖం ఒకటుంది. అది మన చేత తొడిగించేది. మేము చూసిన ఒక హాస్టల్లో తనిఖీ అంటే పండుగే. గోడలకు సున్నం, పళ్లెంలో గుడ్డు, మంచాల మీద కొత్త దుప్పట్లు. "సారు అడిగితే అంతా బాగుందనాలె" అని ముందురోజే పాఠం. జీపు పోగానే దుప్పట్లు స్టోర్‌రూంకి, పళ్లెంలోకి నీళ్ల చారు. ఇది చిన్న అబద్ధమని నవ్వుకుంటాం గానీ, అసలు నష్టం ఇక్కడే. రిపోర్టులో అన్నీ బాగుంటే బాగు చేయాల్సింది ఏమీ మిగలదు. బినామీ పట్టా భూమిని మింగినట్టే ఆ రిపోర్టు మన గుడ్డును మింగుతుంది. పైగా పదేండ్ల పిల్లకు నోరు మూసుకుంటేనే మంచిదని నేర్పుతుంది.

మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం మాది. అందుకే రెండు మాటలు అడుగుతున్నాము. ఉద్యోగాల్లో ఉన్న అన్నలూ, అక్కలూ! మీకు ఇప్పుడు చెబితే పోయేది తక్కువ, కాబట్టి ముందు మీరు చెప్పండి. ఏ హాస్టల్లో తిన్నారో మీ ఆఫీసులో పేరు పెట్టి చెప్పండి, మా తమ్ముళ్లకు ధైర్యం వస్తుంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వచ్చే ఏటి సంచికలో శుభాకాంక్షల పేజీ ఒకటి తగ్గించి, మెనూ బోర్డులో ఏముందో, పళ్లెంలో ఏం పడ్డదో పక్కపక్కన రాయండి. పి.వి. తన లోపలి మనిషిని బయటపెట్టేసరికి ఆయనకు డెబ్బై ఏండ్లు దాటాయి. మనకు అంత టైం లేదు.