ఆ గంట ఎందుకు లేదు?

మారిషస్ వెళ్లొచ్చిన మనవాళ్ల ఫోన్లలో ఏ ఫొటోలుంటాయో చూడకుండానే చెప్పొచ్చు. ఇల్ ఓ సెర్ఫ్‌లో నీలం నీళ్లు, షామరెల్‌లో ఏడు రంగుల మట్టి, గంగా తలావ్ దగ్గర ఆకాశమంత శివుడు, పారాసెయిలింగ్‌లో పెట్టిన కేక. రాజధాని పోర్ట్ లూయిస్ కూడా ఉంటుంది, కాడన్ వాటర్‌ఫ్రంట్‌లో రంగుల గొడుగుల కింద చేతినిండా షాపింగ్ సంచులతో. అక్కడి నుంచి రేవు వెంట కాస్త నడిస్తే ఆప్రవాసీ ఘాట్ వస్తుంది. ఆ ఫొటో మాత్రం ఉండదు. టిక్కెట్టు అక్కర్లేదు, గంటసేపు చాలు. అయినా ఉండదు.

ఏముందక్కడ అని అడుగుతారు. చెబుతాను, వినండి. మారిషస్‌లో 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. తోటల యజమానులకు ఇరవై లక్షల పౌండ్లకు పైగా పరిహారం ముట్టింది. బానిసలుగా బతికిన వాళ్ల చేతిలో దమ్మిడీ పెట్టలేదు. మరి చెరకు నరికేదెవరు? అందుకు మనుషుల్ని మన దేశం నుంచి తోలుకుపోయారు. రద్దుకు ముందే, 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో దిగిన 36 మందితో మొదలై, 1920 దాకా దాదాపు 5 లక్షల మంది. వాళ్లలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల వాళ్లున్నారు. కోరంగి రేవు పేరు మీద మనవాళ్లను అక్కడ కోరంగీలు అన్నారు. నెలకు 5 రూపాయలు, ఇంత తిండి గింజలు, అయిదేళ్ల ఒప్పందం. ఒక్కరోజు పనిలోకి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. ఒప్పందం తీరినవాడికైనా స్వేచ్ఛ లేదు. 1867 చట్టం వచ్చాక, ఫొటో అంటించిన చీటీ చేతిలో లేకుండా రోడ్డు మీద కనబడితే దేశదిమ్మరి అని పట్టుకుపోయేవారు. ఇది భరించలేక 1871లో 9,401 మంది కలిసి అర్జీ పెట్టుకున్నారు. దాన్ని రాసిపెట్టిన అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ తెల్లవాడు, తోట నడిపినవాడు. అతనికి పట్టింది ఆ బాధ!

ఓడ దిగినవాళ్లు నడిచిన పదహారు రాతిమెట్లు ఆ ఘాట్‌లో ఇంకా ఉన్నాయి. ఆసుపత్రి గది, కాపలావాడి గది కూడా ఉన్నాయి. కూలీలను దించిన ఆ డిపోలో మిగతాది చాలావరకు పోయింది. దాని మీదుగా పెద్ద రోడ్డు వేశారు. మిగిలిన ఆ కాస్తనీ 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ప్రపంచానికి వారసత్వమైంది మనకు మాత్రం 'బోరు'.

బోరు కానిది ఒకటుంది లెండి. బో ప్లాన్‌లో మూతపడ్డ పాత చక్కెర ఫ్యాక్టరీని మ్యూజియం చేశారు. చెరకు కథంతా, బానిసల కథా కూలీల కథా కలిపి, అందులో ఉంది. మనవాళ్లు అక్కడికి వెళతారు. గోడల మీది మనుషుల్ని దాటుకుంటూ, చివర్లో చక్కెర, రమ్ము రుచి చూపించే బల్ల దగ్గరికి పరుగున పోతారు. దారిలో చెరకు తోటల మధ్య నల్లరాళ్ల గుట్టలు కనబడితే బస్సు ఆపించి సెల్ఫీలు. ఆ గుట్టలు వాటంతటవే లేచాయనుకుంటున్నారా? దున్నడానికి అడ్డమొచ్చిన ఒక్కొక్క రాయినీ చేతులతో ఏరి, మోసి, పేర్చారు. ముందు బానిసలు, వాళ్ల వెనక మనవాళ్లు.

సెలవులకెళ్లి ఏడుపుగొట్టు మ్యూజియమేంటండీ అంటారు. సముద్రం మానుకోమని ఎవరన్నారు? పెళ్లయిన వారానికి వెళ్లిన జంటను నేనేమీ అనను, వాళ్ల లోకం వాళ్లది. నా కోపం పెద్దమనుషుల మీద. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిపాం. ఉగాదికి సెలవిచ్చే దేశమని ఇప్పటికీ ప్రతి సభలో చెప్పుకుని మురిసిపోతాం. ఆ సెలవు ఎవరి చెమట మీద వచ్చిందో చూడమంటే మాత్రం ఫ్లైటుకు టైమవుతుంది.

మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ వలస రిజిస్టర్లున్నాయి. మనిషి పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఒంటి మీది మచ్చ, కొందరికి ఫొటో కూడా. మనలాంటి పేర్లే, గుమాస్తా చెవికి వినబడినట్టు వంకరపోయి ఉంటాయి. ఆ కాగితం నకలు పట్టుకుని మునిమనవళ్లు విమానమెక్కి ఇక్కడికి ఊళ్లు వెతుక్కుంటూ వస్తున్నారు. తెలుగు పూర్వీకులున్న మారిషస్ రచయిత్రి నటాషా అప్పన్న 2003లో తన మొదటి నవలే ఈ కూలీల మీద రాసింది, అదీ ఫ్రెంచిలో. అక్కడి తెలుగువాళ్లు ఈనాటికీ సింహాద్రి అప్పన్నకు పూజ చేస్తారు, రామభజన చేస్తారు. వాళ్లు మనల్ని వదల్లేదు. వదిలింది మనమే.

నాలుగు రాత్రులు, అయిదు పగళ్ల ప్యాకేజీ కాగితంలో గంటగంటకీ ఒక సరదా రాసుంది. ఘాట్ ఎందుకు లేదని ఏజెంటునడిగాను. "ఎవరూ అడగరండీ" అన్నాడు. అబద్ధమైతే ఆయన్ని తిట్టేవాణ్ని.