చేనుకు ఆరుతడి, లాన్‌కు నిండు తడా?

ఎగువన నీళ్లు తగ్గిన ప్రతి ఏడాదీ మన రైతాంగానికి ఒకటే పాఠం చెబుతారు. వరి మానండి, ఆరుతడి పంటలు వేయండి, వంతులవారీగా నీళ్లు పెట్టుకోండి అంటారు. మేము వింటున్నాం. వెదజల్లు చేశాం, దాళ్వా వదులుకుని మినుము చల్లాం, శివారు చేలకు నీళ్లు ఎక్కక రాత్రిళ్లు కాలువ గట్ల మీద కాపలా కాశాం. అయితే ఇదే పాఠం మా చేల పక్కన లేచిన వెంచర్లకు ఎవరూ చెప్పరేం?

కంకిపాడు నుంచి బెజవాడ దాకా బందరు రోడ్డు వెంట చూడండి. నిన్నటి మాగాణి ఇవాళ గేటెడ్ కాలనీ. గేటు దాటగానే పచ్చటి లాన్, వరసగా రాయల్ పామ్ చెట్లు. పోయిన ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఒక వెంచర్లో స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి. గోడకు ఇవతల మా బోరు నీళ్లకు బదులు గాలి పోస్తోంది. ఆ గడ్డిని ఎవరూ కోయరు, ఏ గేదే మేయదు, దాని మీద పిల్లల్ని ఆడనివ్వరు. కేవలం చూపుకు.

లెక్క చూద్దాం. మన ఎండలకు లాన్ రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల నీరు తాగుతుంది. సెంటు నేలకు అది 200 లీటర్లు. పది సెంట్ల లాన్‌కు రోజుకు 2,000 లీటర్లు, మార్చి నుంచి మే దాకా 1,80,000 లీటర్లు. ఎకరం మినుముకు రెండంగుళాల తడి పెట్టడానికి దాదాపు అంతే నీరు కావాలి.

'వరి తాగే నీళ్ల ముందు ఇదెంత?' అని అడిగేవాళ్లు ఉన్నారు. నిజమే, వరి ఇంతకంటే చాలా ఎక్కువ తాగుతుంది. కానీ వరి అన్నం పెడుతుంది. పైగా లాన్ గట్టిగా తాగేది కాలువలు కట్టేసిన నెలల్లో. అప్పుడు ఊరందరికీ దిక్కు భూగర్భజలమే. మంచినీళ్లకూ, పశువులకూ, కొబ్బరి మొక్కలకూ అదే.

డెల్టాలో కరువేమిటని కొందరు నవ్వుతారు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టారు. అది 1952లో తెగిపోతే 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దాని కింద 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. బ్యారేజీ దగ్గర నిలిచే నీరు మాత్రం 3 టీఎంసీలే. మిగతాదంతా ఎగువ నుంచో, పట్టిసీమ మీదుగా గోదావరి నుంచో రావాలి. 2023 ఆగస్టు దేశం మొత్తానికి 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టు. ఆ ఏడు శ్రీశైలం, సాగర్ నిండలేదు. మరుసటి ఏడు సెప్టెంబరులో ఇదే బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి పోయింది. ఒక ఏడు చుక్క లేదు, ఇంకో ఏడు ముంపు. ఇలాంటి చోట ప్రతి ఇల్లూ తన వాననీటిని తాను దాచుకోవాలి. తన వాకిలికి సరిపడా నీరు తానే చూసుకోవాలి.

వేలు ఎదుటివాళ్ల మీదికి చూపే ముందు మా తప్పు కూడా ఒప్పుకోవాలి. పిల్లలు ఫోన్లో బొమ్మలు చూపిస్తే మేమూ ఇంటి ముందు రెండు సెంట్లలో లాన్ పరిచాం. కడియం నుంచి గడ్డి పలకలు తెప్పించాం. మిగిలిన దొడ్డికి సిమెంటు పోశాం. పెళ్లికని నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి లాన్ ఎర్రబడిపోయింది. వాన పడితే దొడ్డిలో నీరు నిలవకుండా వీధిలోకి పారింది. మా అమ్మలు అంట్లు తోమిన నీళ్లు అరటి పాదుకు మళ్లించేవాళ్లు. బియ్యం కడిగిన నీళ్లు గేదెకు కుడితిలో పోసేవాళ్లు. ఆ తెలివి మేము చేజేతులా పోగొట్టుకున్నాం.

ఇప్పుడు లాన్ పీకేశాం. కంచెగా గోరింటాకు, నీడకు వేప, కానుగ, కూరకు మునగ, కరివేపాకు, పండుకు సీతాఫలం, జామ, పూలకు నందివర్ధనం, కాగితం పూలు పెట్టాం. మొదటి ఏడాది మాత్రం నీళ్లు పోయాలి, వేరు దిగాక ఇవి మన ఎండను తట్టుకుంటాయి. గన్నేరు కూడా తట్టుకుంటుంది కానీ పాడి ఉన్న ఇంట్లో వద్దు, ఆకు మేస్తే పశువు ప్రాణానికే ముప్పు. పాదుల్లో జానెడు మందాన వరిగడ్డి, ఎండుటాకు కప్పాం. చెద పట్టకుండా మొదలు దగ్గర బెత్తెడు ఖాళీ వదిలాం. లేత మొక్కల పక్కన మట్టి కుండ పాతి నీళ్లు నింపి మూత పెడితే, ఆ చెమ్మతోనే మొక్క బతుకుతుంది. స్నానాల నీరు అరటికీ కొబ్బరికీ పోతోంది. సబ్బు నీరు ఆకుకూరలకు మాత్రం పెట్టవద్దు.

ఇక వాననీరు. వంద గజాల డాబా మీద ఏడాదికి 1,000 మిల్లీమీటర్ల వాన పడితే, వృథా పోను 65 వేల లీటర్లు చేతికొస్తుంది. మనది నల్లమట్టి, నీరు తొందరగా ఇంకదు. కాబట్టి ముందు గాబుకో సంపుకో పట్టుకుని, పొర్లిన నీటిని కంకర, ఇసుక నింపిన గుంతలోకి వదలాలి.

ఇదంతా పేదరికం మాటలని అనుకునేవాళ్లు అమెరికాలోని తమ పిల్లల్ని అడగండి. కొలరాడో నదిని అక్కడ 7 రాష్ట్రాలు పంచుకుంటాయి, మన కృష్ణను 4 రాష్ట్రాలు పంచుకున్నట్టే. లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రం 2021లో ఒక చట్టం చేసింది. రోడ్ల మధ్య, ఆఫీసుల ముందు, కాలనీల ఉమ్మడి స్థలాల్లో కేవలం చూపు కోసం పెంచే గడ్డికి 2026 తర్వాత ఆ నది నీరు వాడకూడదు. డబ్బున్న దేశమే గడ్డి పీకుతుంటే, మనం చేను ఎండబెట్టి గడ్డి పరుస్తున్నాం.

అందుకే మేము డిమాండ్ చేస్తున్నాం. కొత్త లేఅవుట్లలో బోరు నీటితో లాన్ పెంచడానికి అనుమతి ఇవ్వకూడదు. పార్కులకు కాలనీలో శుద్ధి చేసిన మురుగునీరే వాడాలి. 2002 నాటి వాల్టా చట్టాన్ని రైతు బోర్ల మీదే కాదు, వెంచర్ల మీదా అమలు చేయాలి. ప్రతి లేఅవుట్లో వాననీటి గుంతలు తవ్వాకే ప్లాన్ ఆమోదించాలి. పంట బోదెలు పూడ్చి రోడ్లు వేయడం ఆపాలి. బోదె పూడితే కింద చేలకు నీరందదు, వానొస్తే పై చేల నీరు దిగదు. రోడ్ల వెంట కోనోకార్పస్ మాని వేప, కానుగ నాటాలి. కోనోకార్పస్‌ను గుజరాత్ 2023లోనే నిషేధించింది. ఎండను తట్టుకునే ప్రతి చెట్టూ మంచి చెట్టు కాదు.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా! అధికారుల దగ్గరికి వినతిపత్రంతో వెళ్లే రోజున 'మీ ఇళ్ల సంగతేమిటి?' అని వాళ్లు అడుగుతారు. జవాబు మన దగ్గర ఉండాలి. ఈ తొలకరికి ముందే సంఘం సభ్యులందరి దొడ్లలో ఒక గుంత తవ్వుదాం, కొంత సిమెంటు పగలగొడదాం, ఒక మునగ కొమ్మ నాటుదాం. అప్పుడు వెంచర్ గేటు ముందు నిలబడి అడిగే హక్కు మనకు ఉంటుంది. చేనుకు ఆరుతడి అన్నవాళ్లు లాన్‌కూ ఆ మాటే చెప్పేదాకా అడుగుతూనే ఉందాం.