ఒక ప్లేటు, రెండు స్పూన్లు

తిండి పండగకి కడుపు ఖాళీగా ఉంచుకుని వెళ్ళాలని చాలామంది అంటారు. నేను మాత్రం వద్దంటాను. మధ్యాహ్నం ఇంత మజ్జిగన్నం తిని బయల్దేరండి. నకనకలాడే ఆకలితో వెళితే మొదటి స్టాలు దగ్గరే మిరపకాయ బజ్జీలు రెండు ప్లేట్లు లాగించేస్తాం. అసలైనవి కనబడే వేళకి "అమ్మో, ఇక నావల్ల కాదు" అంటూ పొట్ట పట్టుకుంటాం. ఇంకో మాట కూడా చెప్తాను, కోప్పడకండి. ఇలాంటి చోటికి ఒక్కసారైనా ఇంటిల్లిపాదినీ వెంటేసుకోకుండా వెళ్ళి చూడండి. ఇంటిల్లిపాదితో వెళితే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? పిల్లలకి నూడుల్సు కావాలి, ఇంటాయనకి కూర్చునే చోటు కావాలి, అత్తగారికి కారం తక్కువది కావాలి. మనం మంచినీళ్ళ సీసా, చేతిసంచీ మోస్తూ, అందరి ప్లేట్లలో మిగిలినవి తిని, "బాగానే ఉంది" అనుకుంటూ ఇంటికొస్తాం. అందుకని స్నేహితురాలితో వెళ్ళండి. ఏది కొన్నా ఒకటే ప్లేటు, రెండు స్పూన్లు. సగం ఖర్చుకి రెట్టింపు రుచులు.

2025 దసరాల్లో బెజవాడలో సందడి మామూలుగా లేదు. విజయవాడ ఉత్సవ్ పేరుతో సెప్టెంబరు 22 నుంచి అక్టోబరు 2 దాకా, పదకొండు రోజులు ఊళ్ళో నాలుగైదు చోట్ల సంబరాలు పెట్టారు. పైన ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి రోజుకో అలంకారం, కింద ఊళ్ళో రోజుకో వేడుక. ఆ రోజుల్లో ఓ సాయంత్రం నేనూ, నాతో కాలేజీలో చదువుకున్న స్నేహితురాలూ కలిసి పున్నమి ఘాట్ వైపు వెళ్ళాం. తన పేరు రాయొద్దని ముందే ఒట్టు వేయించుకుంది కాబట్టి స్నేహితురాలనే అంటాను. నవరాత్రులు కదా, తను నీచు ముట్టదు. బిర్యానీల ఘుమఘుమలు ముక్కుని లాగుతున్నా పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయాం. కైకలూరు చేపల పులుసు సంగతి మరోసారి చెప్పుకుందాం.

మేం ముందుగా ఆగింది మినపరొట్టె దగ్గర. ఇడ్లీ, పునుగులు, గారె, సున్నుండ, మినపరొట్టె... మన కృష్ణా జిల్లా ఇళ్ళలో ఏది చూసినా మినుములే ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? ఊరికే వచ్చిన అలవాటు కాదండీ. డెల్టా మాగాణుల్లో వరి కోతకి కొద్ది రోజుల ముందు, చేలో పైరు నిలబడి ఉండగానే, ఆ తడి నేల మీద మినుములు వెదజల్లుతారు. వరి కోసేసరికి కింద మొలకలు వచ్చి ఉంటాయి. ఆ తర్వాత వాటికి దున్నకం లేదు, పెద్దగా నీళ్ళు కట్టేది లేదు. నేలలో మిగిలిన చెమ్మ, రాత్రిళ్ళు పడే మంచు, అంతే. సంక్రాంతికి బియ్యం, ఆ వెనకే మినుములు ఇంటికొచ్చేవి. గాదెలో బియ్యం, కుండలో మినుములు పక్కపక్కనే ఉన్న ఇల్లాలు ఆ రెండిటినీ కలిపి ఎన్ని రకాలు చెయ్యగలదో అన్నీ చేసింది. ఇప్పుడు గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్న వేసి పెట్టే ఇడ్లీ తిని లొట్టలేసే పైఊరి వాళ్ళకి ఈ సంగతి చెప్పండి.

అక్కడ రొట్టె కాలుస్తున్న ఆవిడ గ్యాస్ పొయ్యి మీదే కాలుస్తోంది గానీ, మూత మీద మాత్రం నిప్పులు పోసింది. "నిప్పులు లేకపోతే పైన తెల్లగా చచ్చినట్టు ఉంటదమ్మా" అంది. కింద ఎర్రగా, పైన ఎర్రగా, మధ్యలో దూదిలా ఉన్న ముక్కని అల్లం పచ్చడిలో అద్దుకు తిన్నాం. మా స్నేహితురాలు అంచుల కరకరని ముందే కొరికేసి, మెత్తటిది నాకు వదిలింది. ముప్ఫై అయిదేళ్ళుగా తనది ఇదే వరస.

ఇంట్లో చేసుకోవాలంటే: గ్లాసు మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్ళు తక్కువ పోసి గారెల పిండిలా రుబ్బండి. రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి, గట్టిగా పిండి అందులో కలపండి. ఉప్పు, జీలకర్ర చాలు. పులవాల్సిన పని లేదు. మందపాటి ఇనప మూకుడులో రెండు మూడు గరిటెల నూనె వేసి, కాగాక రెండంగుళాల మందాన పిండి వేసి, మూత పెట్టి, మంట బాగా తగ్గించెయ్యండి. ఇరవై అయిదు నిమిషాలు దాని జోలికి వెళ్ళొద్దు. ఆ తర్వాత తిరగేసి మరో పది నిమిషాలు. నిప్పులు పొయ్యలేం కాబట్టి ఈ తిరగెయ్యడం తప్పదు. నాన్‌స్టిక్ పాత్రలో మాత్రం ఆ ఎరుపు రానే రాదు.

ఉలవచారు స్టాలు దగ్గర కుర్రకారు ఎక్కువ. ఉలవచారు బిర్యానీ ధర చూసి మా స్నేహితురాలు నవ్వు ఆపుకోలేకపోయింది. "మా తాతయ్య ఎడ్లకి పెట్టేవాడే ఇది!" అంది. నిజమే. ఎడ్ల కోసం పెద్ద కాగులో ఉలవలు ఉడికించేవారు. గింజలు ఎడ్లకి, ఉడికిన నీళ్ళు మనుషులకి. ఆ నీళ్ళని వడగట్టి, సన్నటి మంట మీద గంటల తరబడి మరగనిచ్చి, చింతపండు పులుసు పోసి తాలింపు పెడితే చారయింది. దాంట్లోకి మీగడ వేసుకోవాలి. ఇక్కడ వాళ్ళు వేసింది మీగడ కాదు, డబ్బాలో వచ్చే క్రీము. చారు కూడా చిక్కబడటానికి ఏదో పిండి కలిపినట్టు నాకు అనిపించింది. ఉలవచారు నాలిక మీద జారాలి గానీ అంటుకోకూడదు.

పనిలో పనిగా రెండు జాగ్రత్తలు. బజ్జీల మూకుడులో నూనె నల్లబడి, పైన నురగ తేలుతూ, వెయ్యకముందే పొగ వస్తుంటే అక్కణ్ణుంచి జరగండి. పునుగులు న్యూస్ పేపర్లో పొట్లం కట్టి ఇస్తే వద్దనండి. తినే పదార్థాలు వార్తాపత్రికల్లో చుట్టకూడదని 2018లో వచ్చిన ఆహార ప్యాకింగ్ నిబంధనల్లోనే ఉంది. సిరా వేడి నూనెకి ఊడి వస్తుంది మరి. పిల్లలు గొడవ చేసే గులాబీ రంగు పీచుమిఠాయి సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలు దాన్ని నిషేధించాయి. అందులో బట్టలకి అద్దే రోడమిన్-బి అనే రంగు దొరికింది. తెల్లటిదైతే సరే, పంచదారే కదా.

ఇక బందరు లడ్డు. ఈ వారం మీతో మాట్లాడాలనుకున్నది అసలు దీని గురించే.

ఆ స్టాల్లో యాభై ఏళ్ళావిడా, ఆవిడ కోడలూ ఉన్నారు. తలో చిన్న ముక్క రుచికి పెట్టారు. నోట్లో వేసుకుంటే కొరకాల్సిన పని లేదు. నెయ్యి, బెల్లం, యాలకులు, ఆ వెనక వేయించిన శనగపిండి కమ్మదనం ఒక్కొక్కటే వచ్చాయి. మధ్యలో కలకండ పలుకు తగిలింది. మా స్నేహితురాలు కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచి, "కిలో ఎంతమ్మా?" అంది. ఆవిడ చెప్పింది. తను ఠక్కున లెక్క మొదలుపెట్టింది. శనగపిండి కిలో ఇంత, బెల్లం ఇంత, నెయ్యి ఎంత వేసినా ఇంత. "సగానికి సగం లాభమా! తగ్గించి ఇవ్వు" అంది.

ఆవిడకి కోపం రాలేదు. "అవన్నీ కొట్లో దొరుకుతాయి. మీరు కొనుక్కుని చేసి చూడండమ్మా" అని నెమ్మదిగా చెప్పుకుంటూ పోయింది. పచ్చి శనగపప్పు మరపట్టించాలి. పిండి కలిపి, కారప్పూస తీసినట్టు తీసి నేతిలో వేయించాలి. చల్లారాక రోట్లో పోసి దంచి పొడి చెయ్యాలి. జల్లించాలి. మిగిలిన రవ్వ మళ్ళీ దంచాలి. బెల్లం పాకం పట్టి ఆ పొడిని అందులో వేసి కలపాలి. ఆరాక మళ్ళీ రోట్లోకి, నెయ్యి చిలకరిస్తూ మళ్ళీ దంపుడు. ముద్ద జారుగా, మెత్తగా, వెన్నలా అయ్యేదాకా. ఆ తర్వాతే యాలకుల పొడి, జీడిపప్పు, కలకండ, ఉండ చుట్టడం. "తొక్కుడు లడ్డు అని ఊరికే అన్నారా అమ్మా" అంటూ కుడి చెయ్యి చూపించింది. మణికట్టుకి పట్టీ ఉంది.

ఎప్పుడో బుందేల్‌ఖండ్ వైపు నుంచి వచ్చి మచిలీపట్నంలో స్థిరపడిన బొందిలీలు ఈ మిఠాయి తెచ్చారని బందరువాళ్ళు చెప్తారు. 2017లో బందరు లడ్డుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో వచ్చింది. ఎక్కడో తయారుచేసి ఆ పేరు తగిలించుకుని అమ్మడానికి చట్టం ఒప్పుకోదన్నమాట. పేరుకి కాపలా వచ్చింది, బాగుంది. మణికట్టు లెక్క మాత్రం ఇంకా బేరం దగ్గరే తేలాలి.

మా స్నేహితురాలు మారుమాట్లాడలేదు. చెప్పిన ధరకే అరకిలో తీసుకుంది. కానీ తన మనసు లడ్డు మీద లేదని నాకు తెలుస్తూనే ఉంది. ఎందుకంటే తను సున్నుండలు చేస్తుంది. ఎలాంటి సున్నుండలనుకున్నారు! పొట్టు మినుములు చిన్న మంట మీద, గంటసేపు గరిటె ఆపకుండా వేయిస్తుంది. ఆ వాసన మూడో అంతస్తు దాకా వెళుతుంది. రెండేళ్ళ క్రితం వాళ్ళాయన ఉద్యోగం మానేశాక, అపార్టుమెంటులో వాళ్ళు అడగడం, తను చేసివ్వడం మొదలైంది. అమెరికా వెళ్ళే సూట్‌కేసుల్లో ఆవకాయ పక్కన తన సున్నుండల డబ్బా ఉండాల్సిందే. మరి ఎంత తీసుకుంటుంది? మినుములు, బెల్లం, నెయ్యి ఖరీదు వేసి, పైన కిలోకి వంద రూపాయలు. గ్యాస్ కూడా వెయ్యదు. "తెలిసినవాళ్ళ దగ్గర ఎక్కువేం తీసుకుంటామే" అంటుంది. ఆ తెలిసినవాళ్ళే స్వీటు షాపులో అడిగినంతా ఇచ్చి, పెట్టె రంగు బాగుందని మెచ్చుకుని మరీ వస్తారు.

ఘాట్ మెట్ల మీద కూర్చున్నాం. నిండుగా పారుతున్న కృష్ణలో దీపాల వెలుగు వణుకుతోంది. "నాలుగు కిలోలు చెయ్యడానికి నాకెన్ని గంటలు పడుతుందంటావ్?" అంది ఉన్నట్టుండి. వేయించడం, చల్లార్చడం, మరపట్టించడం, బెల్లం తురమడం, నెయ్యి కాచడం, ఉండలు చుట్టడం, గిన్నెలు తోముకోవడం... ఇద్దరం వేళ్ళ మీద లెక్కపెట్టాం. ఆరు గంటలు తేలాయి. నాలుగు కిలోలకి నాలుగొందలు. అంటే గంటకి డెబ్భై రూపాయలు కూడా పడలేదు, అందులోనే గ్యాసు. తను కాసేపు ఏమీ అనలేదు.

మీలో ఎంతమంది ఊరగాయలు, అప్పడాలు, వడియాలు, మిఠాయిలు చేసిస్తున్నారో నాకు తెలుసు. మీ ఉత్తరాల్లో "సరుకుల డబ్బులు వస్తే చాలండీ" అనే మాట చాలాసార్లు చదివాను. ఈసారి చేసేటప్పుడు గడియారం చూసి, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ క్యాలెండరు మీద రాసుకోండి. కవర్లు, గ్యాసు, ఆటో ఖర్చు కూడా పక్కన వెయ్యండి. ధర పెంచాలా వద్దా అన్నది తర్వాత, మీ ఇష్టం. ముందు అంకె కనపడనివ్వండి. అన్నట్టు, అమ్మకానికి చేసేవాళ్ళు ఎంత చిన్నవాళ్ళయినా ఆహార భద్రత సంస్థ దగ్గర నమోదు చేయించుకోవాలి. ఫసాయ్ అంటారే, అదే. వాళ్ళిచ్చే పద్నాలుగంకెల నంబరు డబ్బా మీద వేసుకుంటే కొనేవాళ్ళకీ నమ్మకం.

ఆ తర్వాత బెల్లం జిలేబీ ఒక ప్లేటు తిన్నాం. ఫరవాలేదు, తెనాలి బోసు రోడ్డులో తిన్నంత కాదు. పూతరేకులు మాత్రం ఇంటికి కట్టించుకున్నాం. జనంలో నిలబడి తింటే పొడి అంతా పమిట మీదే కదా!

బయటికొచ్చే దారిలో మా స్నేహితురాలు "ఒక్క నిమిషం ఉండవే" అని నన్ను అక్కడే నిలబెట్టి, వెనక్కి లడ్డు స్టాలు దగ్గరికి వెళ్ళింది. ఏదైనా మర్చిపోయిందేమో అనుకున్నాను. దూరం నుంచి చూస్తే ఆవిడతో మాట్లాడుతోంది. కోడలు ఏదో కాగితం మీద రాసిస్తోంది. తిరిగొచ్చాక ఏంటే అని అడిగాను.

"ఏం లేదు. స్టాలుకి అద్దె ఎంత కట్టారో, ఎవర్ని అడిగితే ఇస్తారో కనుక్కున్నా" అంది, ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుంటూ.