పట్టాల సంధి

సంధి అను మాటను మనము వ్యాకరణ పాఠములో విందుము. దేవ, ఆలయము అను రెండు పదములు కలసి దేవాలయము అగును. అందు మార్పు పొందునది మొదటి పదము చివరనున్న అచ్చు, రెండవ పదము మొదట నున్న అచ్చు మాత్రమే. తక్కిన అక్షరములు ఉన్నవి ఉన్నట్లే యుండును. లోకవ్యవహారములో సంధి యనగా ఒడంబడిక. ఈ రెండర్థములును ఒక్కచోట కనబడు పని యొకటి కలదు. అది భాగములుగా చేసి కూర్చెడు నమూనా రైలుమార్గముల నిర్మాణము.

నిజమైన రైళ్లను కొలత ప్రకారము కుదించి నమూనాలు చేయుట అనేక దేశములలో పిల్లలకును పెద్దలకును ప్రీతికరమైన వ్యాపకము. మిక్కిలి వాడుకలో నున్న కొలత 87వ వంతు. నిజమైన మార్గములో రెండు పట్టాల నడుమ 1,435 మిల్లీమీటర్ల వెడల్పున్నచో, నమూనాలో 16.5 మిల్లీమీటర్లే యుండును. 160వ వంతు కొలతలో అది 9 మిల్లీమీటర్లకు తగ్గును. ఇంత కుదించినను పెద్ద మార్గమునకు ఒక యింటిలో చోటు చాలదు. కావున ఒక్కొక్కరు బల్లవంటి ఒక్కొక్క భాగమును తమ యింట చేసికొని, ప్రదర్శనశాలకు తెచ్చి, అన్నిటిని వరుసగా కూర్చెదరు. ఒకరు కొండను, సొరంగమును చేయుదురు, మరియొకరు ఓడరేవును, ఇంకొకరు పల్లెటూరి స్టేషనును. రైలు మాత్రము అందరి భాగముల మీదుగా ఆగక సాగవలెను.

ఆ ప్రయాణమునకు అసలైన పరీక్ష అతుకుల యొద్దనే. రెండు పట్టాల కొనలకు నడుమ ఎత్తులో అర మిల్లీమీటరు తేడా యున్నదనుకొనుడు. అది మన కంటికి ఆనదు. కాని 87వ వంతు కొలతలో అది నిజమైన మార్గమున నాలుగు సెంటీమీటర్లకు మించిన మెట్టుతో సమానము. చిన్న చక్రము అచ్చట తడబడి పట్టా దిగును. చెక్క తేమకు ఉబ్బును. ప్రదర్శనశాల నేల ఎగుడుదిగుడుగా నుండును. బండిలో తెచ్చునప్పుడు పట్టాల కొనలు వంగును. అందుచేత బల్ల కాళ్లకు ఎత్తు సరిచేయు మరలుంతురు, రసమట్టముతో చూచెదరు, చివరి పట్టాలను టంకముతో గట్టిగా నిలుపుదురు.

అతుకునకు ముఖ్యముగా రెండు పద్ధతులు కలవు. 1970వ దశకమున కాలిఫోర్నియాలో ఆరంభమైన ఎన్‌ట్రాక్ పద్ధతిలో ప్రతి భాగమునందును పట్టాలు అంచునకు కొంత ముందే ఆగును. రెండు భాగములను క్లాంపులతో బిగించి, నడుమ మిగిలిన ఖాళీలో పొట్టి పట్టా ముక్క నొకదానిని అమర్చుదురు. ఐరోపాలో 1981లో ఏర్పడిన ఫ్రెమో సంఘమువారి పద్ధతి వేరు. వారి పట్టాలు సరిగా అంచువరకు వచ్చును. చివరి పలకలలో నిర్ణీత స్థానములందు తొలిచిన రంధ్రముల గుండ బోల్టులు బిగింపగా పట్టాల కొనలు ఎదురెదురుగా నిలుచును.

రెండవ పద్ధతి చూపునకు అందమైనది. కాని మిక్కిలి ఖచ్చితమైన పనితనమును కోరును. మొదటి దానిలో ఒక్క అతుకునకు బదులు రెండు అతుకులు ఏర్పడును. ఆ ముక్కయు కొంత బోడిగా కనబడును. అయినను క్రొత్తగా నేర్చువారికి మొదటి పద్ధతియే మేలని నా యభిప్రాయము. ఏలయన అందు ఇరువురును తమ స్థలములో కొంత విడిచిపెట్టుదురు. నడుమనున్న ముక్క చిన్న లోపములను సర్దును. అది చెడినచో దానిని మార్చిన చాలును. ఎవరి శ్రమయు వృథా కాదు.

నియమములు కళకు సంకెళ్లని కొందరందురు. అన్ని భాగములును ఒక్క తీరుననే యుండవలెనని మరికొందరందురు. ఈ రెండు వాదములును సరికావు. అంచున నియమము లేనిచో ఎంత అందమైన కొండయైనను ఒంటరిగా మిగులును. నియమము నడిమి వరకు ప్రాకినచో చేయువాని ఊహకు చోటుండదు. అంచున కఠినముగాను, లోపల స్వేచ్ఛగాను ఉండుటయే న్యాయము.

నిజమైన రైల్వేల చరిత్రయు దీనినే చెప్పుచున్నది. ఇంగ్లండులో గ్రేట్ వెస్టర్న్ కంపెనీ మార్గపు వెడల్పు 2,140 మిల్లీమీటర్లు. పొరుగు కంపెనీలది 1,435. దేనికది మంచి మార్గమే. కాని రెండును కలసిన గ్లాస్టరులో సరకులనన్నిటిని ఒక బండి నుండి దించి వేరొక బండికి ఎక్కింపవలసి వచ్చెను. ఆ పెద్ద వెడల్పు 1892లో అంతరించెను. మన గుంతకల్లు జంక్షనులోను పూర్వము 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి, 1,000 మిల్లీమీటర్ల మీటరుగేజి రెండును ఉండెడివి. ఒకదాని పెట్టె రెండవదానిపై నడువజాలదు. భారతదేశములో గేజులను ఏకము చేయు పథకము 1992లో గాని ఆరంభము కాలేదు. మొదటనే కుదుర్చుకొనని ఒడంబడికకు తరువాతి తరములవారు మూల్యము చెల్లించిరి.

విద్యార్థులారా! మీరు కలసి ఒక నమూనా చేసినను, పత్రిక వ్రాసినను, నాటకము ఆడినను, పనిని పంచుకొనుటకు ముందు ఒకరి భాగము మరియొకరి భాగముతో ఎచ్చట, ఏ కొలతతో కలియవలెనో నిర్ణయించుకొనుడు. అందరును ఒకే కొలబద్దను వాడుడు. అతుకు చెడినప్పుడు తప్పు నీదా, నాదా యని వాదులాడక ఇరువైపులవారును వచ్చి సరిచేయుడు. అతుకు ఏ యొక్కరిదియు కాదు. అది ఇరువురి సొత్తు.