వికీపీడియాకూ రచయితలున్నారు

సంపాదకులు గారికి,

గత ఆదివారం సంచికలో జిల్లాల చరిత్ర మీద వచ్చిన వ్యాసం కింద ‘సేకరణ: ఇంటర్నెట్’ అని వేశారు. అందులో సగానికి పైగా తెలుగు వికీపీడియాలోని వాక్యాలే. ఒకచోట అక్కడి అచ్చుతప్పు కూడా చెక్కుచెదరకుండా మీ కాగితం మీదికి దిగింది.

వాడుకున్నందుకు నాకు అభ్యంతరం లేదు. వాడుకోమనే అక్కడ పెట్టారు. పైసా కట్టక్కర్లేదు, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. కానీ అది షరతుల్లేని దానం కాదు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ప్రకారం ఎవరు రాసిందో, ఎక్కడినుంచి తీసుకున్నారో, ఏ లైసెన్సు కింద తీసుకున్నారో చెప్పాలి. మార్పులు చేస్తే చేశామనాలి. దాన్ని మార్చి తయారుచేసిన రచనను అదే లైసెన్సుతో ఇతరులకూ వదలాలి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో రాసేవాళ్లకు జీతం లేదు, పారితోషికం లేదు. వాళ్లకు దక్కేదల్లా ఈ పేరే.

ఒక్కో పేజీని పాతికమంది దిద్దుతారు, అందులో సగం మారుపేర్లే, ఎవరి పేరని వేస్తాం అంటారేమో. అందరి పేర్లూ అచ్చెయ్యనక్కర్లేదు, ఆ పేజీ లంకె ఇస్తే సరిపోతుంది. పేజీ పైన ‘చరిత్ర’ నొక్కితే ఏ మాట ఎవరు, ఎప్పుడు చేర్చారో తేదీ, సమయంతో సహా కనిపిస్తుంది. ఇక మారుపేరంటారా, మన 1957 కాపీరైటు చట్టం మారుపేరుతో వెలువడిన రచనకూ ప్రచురణ తర్వాత 60 ఏళ్ల హక్కు ఇచ్చింది.

తప్పంతా పత్రికలదే అననుగానీ, వికీపీడియాలో రాసే మావాళ్లకూ ఈ పట్టింపు తక్కువే. 2016లో తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. ఇలాంటప్పుడు పాత పేజీల్లోని పేరాలను కొత్త పేజీలకు మోయక తప్పదు. పాత వరంగల్ జిల్లా పేజీలోని నాలుగు పేరాలు కత్తిరించి జనగామ జిల్లా పేజీలో అతికించి ఊరుకుంటే ఏమవుతుంది? కొత్త పేజీ చరిత్రలో అతికించినాయన పేరే మొదటి రచయితగా మిగులుతుంది. రేపెవరికో అందులోని శాసనం తేదీ మీద అనుమానం వస్తే, అది చేర్చిన మనిషిని వెతికి పట్టుకునే దారి ఉండదు. పొలం కొనేవాడు లింకు డాక్యుమెంట్లు అడిగేది ఇందుకే గదా! నిజానికి కావలసింది ఒక్క వాక్యం: ‘వరంగల్ జిల్లా పేజీ నుంచి తెచ్చాను, రచయితల వివరాలు ఆ పేజీ చరిత్రలో ఉన్నాయి’ అని, పాత పేజీకి లంకెతో. ప్రచురించే ముందు కనిపించే ‘దిద్దుబాటు సారాంశం’ పెట్టె ఉన్నదే ఇందుకు. ఇంగ్లీషు వికీపీడియా నుంచి అనువదించినప్పుడూ ఇదే పద్ధతి.

ఆ పెట్టెను ఖాళీగా వదిలేసేవాళ్లు ఒక రకం. పక్కనున్న ‘చిన్న మార్పు’ గడిలో టిక్కు పెట్టి ఏకంగా ఒక పేరానే లేపేసేవాళ్లు ఇంకో రకం. అక్షరదోషం దిద్దడానికి ఉన్న గడి అది. ఎదుటివాడు రాసింది తీసేస్తే ఎందుకు తీశామో చర్చ పేజీలో రెండు ముక్కలు రాయడం కనీస మర్యాద. మొదటిసారి రాసినాయన మర్నాడు వచ్చి చూస్తే తన పేరా లేదు, కారణమూ లేదు. మళ్లీ ఎందుకు రాస్తాడు?

పత్రికల్లోని వ్యాసాలను ఉన్నవున్నట్టు వికీలోకి ఎక్కించి ‘మూలం ఇచ్చాం కదా’ అనేవాళ్లూ లేకపోలేదు. అదీ చెల్లదు. సమాచారం తీసుకోవచ్చు, వాక్యాలు తీసుకోకూడదు. అలాంటిది మీ కంటబడితే సంబంధిత పేజీ చర్చలో రాయండి, తొలగించాల్సిన బాధ్యత మాది.

మీరు మాత్రం వచ్చే సంచికలో ఆ వ్యాసానికి సవరణ వేయండి. వికీపీడియా పేజీ పేరు, దాని లంకె, లైసెన్సు, మీరు చేసిన మార్పులు, ఇవి చాలు. మీ వ్యాసం ఆ పేజీకి మార్పులు చేసి తయారైనదే కాబట్టి, దాన్నీ అదే లైసెన్సు కింద ఇస్తున్నట్టు అందులోనే చెప్పండి. ఆ అచ్చుతప్పును వికీలో నిన్ననే సరిదిద్దాం, మీ ఇంటర్నెట్ ప్రతిలోనూ సరిచేయగలరు.

ఇట్లు,
తెలుగు వికీపీడియా వాడుకరి,
హనుమకొండ