లెక్క నిచ్చుట వేఱు, తాళపుచెవి నిచ్చుట వేఱు



63,000 ప్రాథమిక సహకార సంఘముల లెక్కలను కంప్యూటరుల కెక్కింప కేంద్ర ప్రభుత్వము 2022లో నిశ్చయించెను. 2025లో మన రాష్ట్రమున రైతు రిజిస్ట్రీయు మొదలాయెను. బ్యాంకునకును వ్యవసాయశాఖకును మన లెక్క తెలిసియున్నచో, ఒక్క కాగితమునకై నాలుగు కచ్చేరులు తిరుగు బాధ తప్పును. కావున దాఁచుట లాభము గాదు.

అయినను, గోదావరిఖని గనుల చెంతనున్న భూములపై పలువురి కన్ను గలదు. ఏ సర్వేనంబరువాఁడు అప్పులో మునిఁగెనో యెఱిఁగినవానికి ఆ భూమిని చౌకగాఁ గొనుట సులభము. పొరుగువానికిఁ జేటెడు విత్తన మిత్తుము గాని గాదె తాళపుచెవి నీయము గదా!

అడిగిన పనికి వలసినంతయే యిండు. ఎవరికి, ఎందులకు, ఎంతకాలమునకు ఇచ్చుచున్నారో మహాజనసభ తీర్మానమున వ్రాయింపుఁడు. వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లోఁ జేసిన చట్టము, ఇచ్చిన సమ్మతిని మరలఁ దీసికొను హక్కును గుర్తించినది.

లెక్క మనది, దానిపైఁ బెత్తనమును మనదే కావలయును.