సన్యాసి పీతకు భిక్ష

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల మన ఇండ్లలో రంగు చేపల గాజుతొట్టె ఇప్పుడు వింత కాదు. అయితే అక్కడక్కడ ఒకటి రెండు ఇండ్లలో ఉప్పునీటి తొట్టె కూడ వెలసినది. చెన్నపట్నపు సముద్రతీరం హోసూరుకు సుమారు 300 కిలోమీటర్లు. అంత దూరపు సముద్రాన్ని 40 లీటర్ల గాజుపెట్టెలో పట్టి నడిమింట నిలబెట్టుకొనడమంటే సామాన్యమైన ముచ్చట కాదు. ఆ ముచ్చటలో మనకు కనబడకుండా ఆకలితో ఉండే జీవులు కొన్ని ఉన్నవి. ఈ నెల వాటి పక్షాన నాలుగు మాటలు వ్రాయదలచినాము.

తొట్టె కొనేటప్పుడు చేపలతోబాటు నాలుగు సన్యాసి పీతలను, నాలుగు నత్తలను కూడ ఇస్తారు. మన వైపు పీతను ఎండ్రకాయ అంటాము గదా, ఇది ఆ కులానికి దూరపు చుట్టము. దీనికి ముందుభాగాననే గట్టి పెంకు ఉంటుంది. వెనుకభాగం మెత్తన, ఒక ప్రక్కకు మెలితిరిగి ఉంటుంది. అందుచేత చచ్చిన నత్త విడిచిన గుల్లలో దూరి, దానినే ఇల్లుగా మోసుకొని తిరుగుతుంది. మన తీరాలలో దొరికే ఒక జాతికి శాస్త్రజ్ఞులు డయోజినిస్ అని పేరు పెట్టినారు. డయోజినిస్ ప్రాచీన గ్రీకు దేశపు విరాగి. ఒక పెద్ద మట్టిజాడీలో కాపురమున్నాడని ప్రసిద్ధి. మన తెలుగువారు సన్యాసి అన్నారు, వారు డయోజినిస్ అన్నారు. రెండు పేర్లలోని భావం ఒకటే.

అమ్మేవారు సాధారణంగా చెప్పే మాట ఏమనగా, "వీటికి వేరే తిండి అక్కరలేదు, చేపలు విడిచిన మెతుకులు, పాచి తిని తొట్టెను శుభ్రంగా ఉంచుతవి" అని. కొన్నవారు ఆ మాటను నమ్ముతారు. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

సముద్రతీరాన అలల వెంట చచ్చిన చేప, చితికిన నాచు, కొట్టుకొనివచ్చిన పురుగు ఏదో ఒకటి పూట పూటకూ చేరుతుంటుంది. అక్కడ ఏరుకొని తినే జీవికి కరువు లేదు. మన తొట్టెలో ఆ అల లేదు. రెండు చిన్న చేపలకు వేసిన చిటికెడు తిండిని చేపలే నీటి మీద తినివేస్తవి, అడుగుకు చేరేది ఏమీ ఉండదు. గాజు మీది పాచిని నత్తలు మొదటి నెలలోనే నాకివేస్తవి. తొట్టె నిగనిగలాడుతుంది, ఇంటివారు సంతోషిస్తారు. ఆ నిగనిగయే పాచి తినే నత్తకు కరువుకాలం. కుక్కవలె మొరగదు, పిల్లివలె కాళ్ళకు చుట్టుకొనదు. కొన్ని వారాలు, నెలలు చిక్కి చిక్కి ఒకనాడు ఊరకుంటుంది. "దాని ఆయుస్సు అంతే" అని మనం అనుకొంటాము. నిజానికి తిండీ నీరూ సరిగా ఉంటే సన్యాసి పీత కొన్నేండ్లు బ్రతుకుతుంది.

ఆకలిగొన్న పీత ఊరకుండదు కూడ. మాకు తెలిసిన ఒక ఇంట ఆరు నత్తలకు రెండే మిగిలినవి. పీత దుష్టజాతిదని ఆ ఇంటివారు దానిని తీసివేయబోయినారు. ఆ ఇంటి అవ్వ అడ్డుపడి, "కాకికి దినామూ మెతుకు ఏస్తాము గదరా, దీనికి ఏసేదానికేమి? కడుపు కాలితే అదేం జేస్తుంది?" అన్నది. ఆమె సముద్రశాస్త్రం చదివినది కాదు, అయినా మాట సరిగా చెప్పినది. పీత నత్తను చంపడానికి రెండు కారణాలు. ఒకటి మాంసం కోసం, రెండవది గుల్ల కోసం. పీత పెరిగేకొద్దీ పాత గుల్ల ఇరుకవుతుంది. కనుక తిండితోబాటు, ఇప్పుడున్న గుల్ల కంటె కొంచెం పెద్దవి ఖాళీ గుల్లలు నాలుగైదు తొట్టెలో వేసి ఉంచవలెను. నోరు గుండ్రంగా ఉన్న నత్తగుల్ల కావలెను. మనం పామూ నిచ్చెనా ఆడుకొనే గవ్వకు నోరు సన్నని చీలిక, అందులో అది దూరలేదు. రంగులు పూసిన గుల్లలు వద్దు.

ఇక భిక్ష సంగతి. బొటనవ్రేలి గోరంత పీతకు కందిబద్దంత రొయ్యముక్క గాని, సముద్రపు చేపముక్క గాని చాలును. పచ్చిది, ఉప్పు, పసుపు, నూనె తగలనిది, మంచినీళ్ళతో కడిగినది. వారానికి రెండు మూడుసార్లు వేస్తే సరిపోతుంది. కృష్ణగిరి డ్యాము చేప మనకు రుచే గాని అది మంచినీటి చేప. ఎప్పుడైనా ఒకసారి వేయవచ్చును, నిత్యం వద్దు. మాంసం ఇంట చేర్చని కుటుంబాలవారు ఉప్పూ మసాలా లేని ఎండు సముద్రపు నాచు, ఉడుకునీళ్ళలో ముంచి తీసిన పాలకూర ఆకు వేయవచ్చును. వీటిని నత్తలూ తింటవి. దుకాణంలో దొరికే, నీట మునిగే గోలీలు కూడ పనికివస్తవి గాని, వాటిలో చేపపొడి ఉంటుందని తెలిసి కొనవలెను.

వేసే పద్ధతి కూడ ఒకటి ఉన్నది. ముందు చేపలకు వాటి తిండి వేసి, దీపం ఆర్పిన తరువాత పొడుగాటి పట్టకారుతో ముక్కను పీత ముందర పెట్టవలెను. లేకుంటే చేపలే ఎగరేసుకొనిపోతవి. ఇసుకలో పూడుకొని ఉండే ఒక రకం నత్త మాంసం వాసన తగిలిన నిమిషంలో తొండం పైకెత్తి బయటికి వస్తుంది. పిల్లలకు ఆ వేడుక తప్పక చూపించండి. రెండు మూడు గంటల తరువాత మిగిలిన ముక్కను తీసివేయవలెను. చిన్న తొట్టెలో కుళ్ళిన రొయ్య అమ్మోనియాగా మారి అందరి ప్రాణానికీ వస్తుంది. ఆకలికి పెట్టడం ఎంత ధర్మమో, మితం కూడ అంత ధర్మం. తిరుపతికి పోయి మూడు రోజులలో తిరిగివచ్చేవారు తిండి కుప్పపోసి పోవద్దు. తిని ఉన్న పీత ఆ మూడు రోజులు సుఖంగా ఉండగలదు.

దేనినైనా తిని అరిగించుకొంటుందనే మరొక భ్రమ కూడ ఉన్నది. మన దేశంలో 1990ల నుండి రాబందులు ఎంత వేగంగా నశించినవో చాలమంది ఎరుగుదురు. పశువులకు ఇచ్చిన డైక్లోఫినాక్ అనే నొప్పుల మందు కళేబరంలో మిగిలి, దానిని తిన్న పక్షుల మూత్రపిండాలను చెరిచినదని 2004లో వెల్లడయినది. 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించినది. మనం వదలిన విషం శుభ్రం చేసేవాని కడుపులోకే ముందు పోతుంది. తొట్టెలో ఆ విషం రాగి. చేపల తెల్లమచ్చలకు పోసే కొన్ని మందులలో రాగి ఉంటుంది. చేప కోలుకొంటుంది గాని పీతలు, నత్తలు చస్తవి. జబ్బు చేపను వేరే పాత్రలోకి తీసి మందు పోయవలెను. మన ఇండ్లలోని రాగి చెంబును, రాగి బిందెను కూడ ఈ నీళ్ళ దరికి రానీయవద్దు.

నీటిని గురించి కొంచెం చెప్పక తప్పదు. లీటరుకు సుమారు 35 గ్రాముల సముద్రపు ఉప్పు మిశ్రమం కలుపవలెను. వంట ఉప్పు దీనికి బదులు కాదు, సముద్రంలోని సున్నం, మెగ్నీషియం వగైరాలు అందులో చాలినంత ఉండవు. మన జిల్లా బోరునీళ్ళలో ఫ్లోరైడు బాధ ఎరిగినదే. హొగెనకల్ త్రాగునీటి పథకం దానికోసమే 2013లో వచ్చినది. కుళాయి నీళ్ళలోనేమో క్లోరిన్ ఉంటుంది. కనుక ఆర్.ఓ. నీళ్ళలో ఉప్పు కలిపి, వారానికి నాలుగు లీటర్లు మార్చితే 40 లీటర్ల తొట్టెకు మేలు. ఎండకు ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. ఆ తరుగును ఉప్పు లేని నీళ్ళతోనే పూరించవలెను.

పీత కుబుసం విడుస్తుంది. కాళ్ళతో సహా ఊడిన ఆ పెంకును చూచి చచ్చినదనుకొని పారవేయకండి. గుల్లలోపల మెత్తని ఒంటితో అది దాగి ఉంటుంది. విడిచిన పెంకును తిని బలం తెచ్చుకొంటుంది కూడ. ఇంకొక మనవి. సాకలేనివారు దయతలచి రామనాయకన్ చెరువులో విడువవద్దు. ఉప్పునీటి ప్రాణికి మంచినీటి చెరువు ముక్తి కాదు, మృత్యువు. సాకగలిగిన ఇంటికి అప్పగించడం మేలు.

అన్నిటినీ విడిచిన సన్యాసి కూడ మధ్యాహ్నవేళ గృహస్థు వాకిట నిలిచి భిక్ష అడుగుతాడు. ఈ సన్యాసికి అడిగే నోరు లేదు, వేరొక వాకిటికి పోయే దారీ లేదు. ఉన్నది మన ఇల్లు ఒక్కటే. క్యాలెండరులో మంగళవారానికీ శుక్రవారానికీ ఒక గుర్తు పెట్టి, ఆ పని ఇంట్లో ఎవరిదో ఈ రోజే తేల్చుకొండి.